శంషాబాద్‌ జనాభా ఏ ఏటి లెక్క?

శంషాబాద్‌ పురపాలికను 2025 డిసెంబరులో గ్రేటర్‌ హైదరాబాద్‌లో విలీనం చేసినప్పటి నుంచి వార్డుల విభజన చర్చల్లో ‘జనాభా’ అంటే నేడు అక్కడ కాపురముంటున్న మనుషుల సంఖ్య అన్న భావనే చెలామణి అవుతోంది. చట్టం దృష్టిలో అది తప్పు. 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 243పి అధికరణం ప్రకారం, పురపాలక సంస్థలకు సంబంధించి జనాభా అంటే గణాంకాలు ప్రచురితమైన చివరి జనగణనలో నిర్ధారణ అయిన సంఖ్య మాత్రమే. 2021లో జరగవలసిన గణన జరగలేదు కనుక అది 2011 నాటి సంఖ్య. విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయ్యాక మూడేళ్లకే తీసిన ఆ లెక్కలోకి తరువాత వెలసిన కాలనీలు రావు.

ఒకే శంషాబాద్‌ ఓటరుకు చట్టం మూడు జనాభాలను చూపుతోంది: లోక్‌సభలో రాష్ట్రాల వాటాకు 1971 నాటిది, అతని రాజేంద్రనగర్‌ శాసనసభ నియోజకవర్గపు హద్దులకు 2001 నాటిది, వార్డుకు 2011 నాటిది. మొదటి రెండింటినీ పార్లమెంటు చర్చించి, 1976, 2001, 2003 సవరణల ద్వారా కావాలనే నిలిపింది. మూడోది ఎవరూ నిర్ణయించకుండానే, కేవలం జాప్యం వల్ల నిలిచిపోయింది.

చదరపు కిలోమీటరుకు ఎందరు నివసిస్తున్నారో తెలిపే జనసాంద్రత కూడా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. దాదాపు 5,500 ఎకరాల విమానాశ్రయ భూమి ఏ వార్డులో కలిస్తే ఆ వార్డు సగటు పడిపోతుంది. రాత్రి షిఫ్టులో విమానంలోకి సామాను ఎక్కించే కార్మికుడు కాటేదాన్‌లో కాపురముంటే, గణకుడు అతణ్ణి కాటేదాన్‌లోనే నమోదు చేసుకుంటాడు. ఏటా వచ్చిపోయే 2 కోట్లకు పైగా ప్రయాణికులైతే ఇక్కడి లెక్కలోకే రారు.

అందుకని ఓటర్ల జాబితాలను బట్టి జనాభాను అంచనా కట్టి వార్డులు గీయాలనడం సమంజసం కాదు. గణనలో నిర్ధారణ కావాలి, ప్రచురణ జరగాలి అన్న రెండు షరతులే హద్దులు గీసే అధికారి ఇష్టారాజ్యానికి కళ్లెం. ప్రచురితమైన అంకెను ఏ పౌరుడైనా సరిచూసి ప్రశ్నించగలడు, కార్యాలయంలో కట్టిన అంచనాను ప్రశ్నించలేడు. నగర స్థాయిని నిర్ణయించేటప్పుడు జనాభాతో పాటు సాంద్రతను, స్థానిక ఆదాయాన్ని, వ్యవసాయేతర ఉపాధిని, ఆర్థిక ప్రాముఖ్యాన్ని చూడాలని 243క్యూ అధికరణం చెబుతోంది. రోడ్లు, తాగునీరు, మురుగునీటి పారుదలకు నిధులు పంచడంలోనూ ప్రభుత్వం ఆ కొలమానాలనే పాటించవచ్చు. ప్రాతినిధ్యం విషయంలో మాత్రం అడ్డదారి ఉండకూడదు: 2027 జనగణన అంకెలు ప్రచురితమైన వెంటనే వార్డులను తిరిగి విభజించడాన్ని గడువుతో సహా చట్టంలో చేర్చాలి.