లివరు మాట నమ్మొద్దు!

మొన్న కొత్తగూడ నుంచి మంగపేట వెళ్లా. గోదావరి రేవులో మామయ్య పడవ మోటారు ముందు దిగాలుగా కూర్చున్నాడు.

"న్యూట్రల్‌ల పెట్టినా కింద ఫ్యాను తిరుగుతనే ఉందిరా అల్లుడా! రేవుల పిలగాండ్లు ఈత గొడతరు, భయమైతాంది."

గేరుబాక్సే పోయిందని మెకానిక్ తేల్చేశాడట. నేను మాత్రం కోడ్‌లో బగ్ వెతికినట్టు సమస్యను రెండు ముక్కలు చేశా. ఇంజిన్ స్టార్ట్ కాకుండా ముందు ప్లగ్గు వైర్లు పీకేశా. పైన లివరునీ, కింద గేరుబాక్సునీ కలిపే రాడ్డు విడదీశా. ఫ్యాను చేత్తో తిప్పుతూ కింది రాడ్డు కదిపితే ముందుకు, న్యూట్రల్, వెనక్కి... మూడూ టక్కున పడ్డాయి! అంటే కింద క్లచ్ పళ్లు బాగానే ఉన్నాయి. తప్పు పైనే. చూస్తే లివరు కీలు దగ్గర పిన్ను అరిగిపోయింది. లివరు న్యూట్రల్‌కి వచ్చినా రాడ్డు సగమే కదులుతోంది.

కొత్త పిన్ను, కాస్త గ్రీజు. న్యూట్రల్‌లో ఫ్యాను రెండు వైపులా తేలిగ్గా తిరిగేలా సర్ది బిగించాం.

ఇంజిన్ ఆగి ఉంటే లివరును బలవంతంగా గుంజకండి, ఫ్యాను తిప్పుతూ మార్చండి. నడుస్తుంటే వేగం పూర్తిగా తగ్గించి, ఒక్కసారిగా వేయండి. మెల్లగా జరిపితే క్లచ్ పళ్లు అరుగుతాయి.

రేవులో పిల్లలుంటే మాత్రం న్యూట్రల్‌నీ నమ్మొద్దు. ఇంజినే ఆపేయండి.