బోల్టులు లెక్కపెట్టేవాళ్ళ చరిత్ర

మోడల్ ట్యాంకులు చేసేవాళ్ళ మధ్య ఒక మాట చాలా గౌరవంగా చలామణీ అవుతూ ఉంటుంది: “మాకు యంత్రమే ముఖ్యం, రాజకీయాలతో పనిలేదు.” రిమోట్‌తో నడిచే 1/16 స్కేలు టైగర్‌ని బల్ల మీద పెట్టుకుని, మూతికి మాస్కు, చేతిలో ఎయిర్‌బ్రష్‌తో ఈ మాట చెప్పినవాళ్ళని చాలామందినే చూశాను. వస్తువు గొప్పదా శిల్పం గొప్పదా అని దశాబ్దాల తరబడి కొట్టుకున్న తెలుగువాళ్ళకి ఇది పాత వాదనే. శుద్ధ శిల్పవాదం. శిల్పవాదులతో నాకు పేచీ లేదు. వీళ్ళు నిజంగా శిల్పవాదులైతే ఈ వ్యాసమే అక్కర్లేదు. కానీ వాళ్ళు చెప్పేది నిజం కాదు. యంత్రం మీద కూడా వాళ్ళకి చెప్పుకునేంత శ్రద్ధ లేదు.

ముందు ఆ పనితనం గురించి చెప్పాలి. “పెద్దయ్యాక కూడా బొమ్మలేంటి” అని నవ్వే సాహిత్య మిత్రులకి లేకపోతే ఇక్కడ కోపం తెచ్చుకోడానికి ఏముందో అర్థం కాదు. అసలు టైగర్ తుపాకీ గొట్టంతో కలిపి ఎనిమిదిన్నర మీటర్లు, అంటే మన బల్ల మీద 53 సెంటీమీటర్లు. ఒక్కో వైపు ట్రాకుకి 96 లింకులు. 1943 రెండో సగం నుంచి 1944 సెప్టెంబరు దాకా జర్మన్లు ట్యాంకుల ఒంటికి జిమ్మెరిట్ అనే పూత పూసేవాళ్ళు, అయస్కాంతం మందుపాతర అంటుకోకుండా. మోడల్ మీద దాన్ని తేవాలంటే ఎపాక్సీ పుట్టీని పలచగా పరిచి, గట్టిపడేలోపు చిన్న స్క్రూడ్రైవర్ మొనతో వరసలు వరసలుగా నొక్కుతూ పోవాలి. ఒక పక్క పూర్తయ్యేసరికి మెడ పట్టేస్తుంది. తర్వాత ఎర్ర ప్రైమరు, దాని మీద హెయిర్‌స్ప్రే, దాని మీద ముదురు పసుపు రంగు. ఆరాక తడి బ్రష్షుతో రుద్దితే హెయిర్‌స్ప్రే కరిగి పసుపు పెచ్చులుగా లేచిపోయి అడుగునున్న ఎరుపు కనిపిస్తుంది. సందుల్లోకి పలచటి ఆయిల్ రంగు, ట్రాకుల్లోకి బురద. బురద కోసం విదేశీ పొడులు సీసాల్లో దొరుకుతాయి గానీ, నేనైతే ఇటుక పొడి జల్లించి మ్యాట్ వార్నిష్‌తో అంటిస్తాను.

ఇది చిన్న విద్యేం కాదు. అందుకే ఆ విద్య ఏం చూస్తోంది, ఏం చూడటం లేదు అని అడగాలనిపిస్తుంది.

యంత్రమే ముఖ్యం అన్నారు కదా, ఆ యంత్రం లెక్కే చూద్దాం. టైగర్ బరువు 57 టన్నులు. పొడవు 16 రెట్లు తగ్గితే బరువు 16ని మూడుసార్లు గుణించినన్ని రెట్లు, అంటే 4,096 రెట్లు తగ్గాలి. ఆ లెక్కన మోడల్ 14 కిలోలు తూగాలి. ప్లాస్టిక్ టైగర్ అందులో సగం కూడా తూగదు. అందుకే అది రాళ్ళ మీద మేకపిల్లలా గెంతుతుంది. అసలుదానికి ఆ యోగం లేదు. చాలా వంతెనలు దాని బరువు మోయలేవు. రైలెక్కించాలంటే 725 మిల్లీమీటర్ల యుద్ధపు ట్రాకులు విప్పి, బయటి చక్రాలు పీకి, 520 మిల్లీమీటర్ల సన్నటి ట్రాకులు తొడగాలి. దిగాక మళ్ళీ అదంతా వెనక్కి. ఫైనల్ డ్రైవు పోతే లాగడానికి పెద్ద హాఫ్‌ట్రాకులు ఒకటికి రెండు మూడు కట్టాల్సి వచ్చేది. లాగలేకపోతే సిబ్బందే తమ ట్యాంకుని పేల్చేసి నడిచి వెళ్ళేవాళ్ళు. ఆ సిబ్బంది అయిదుగురూ చెమటలు కక్కుతూ చక్రాలు విప్పుతున్న మోడల్ నాకు కనపడిందే తక్కువ. కనిపించేదల్లా టరెట్ మీద నడుందాకా లేచి దూరంగా చూస్తున్న కమాండరు. యంత్రాన్ని ప్రేమించేవాడికి గేర్‌బాక్సు కంటే కమాండరు గడ్డం ఎందుకు ముఖ్యమైందో!

ఇంకో లెక్క. టైగర్ 1 దాదాపు 1,350 మాత్రమే తయారయ్యాయి. యుద్ధకాలంలో టి-34లు 50 వేలకు పైగా, షెర్మన్లు 50 వేలకు దగ్గరగా. నేను చూసిన ప్రదర్శనల బల్లల మీద ఈ నిష్పత్తి తలకిందులు. ఆ బల్లల్ని బట్టి ఎవరు గెలిచారో ఊహించమంటే పిల్లలు తప్పకుండా తప్పు చెప్తారు.

అంకెల స్టిక్కర్ల దగ్గరికొస్తే సంగతి ఇంకా స్పష్టం. 1944 జూన్ 13న విల్లేర్-బొకాజ్‌లో బ్రిటిష్ దళాన్ని చెల్లాచెదురు చేసిన మైకేల్ విట్‌మన్ టైగర్లంటే ఈ లోకంలో మహా గిరాకీ. ఆయన వాఫెన్-ఎస్సెస్ అధికారి. 1946లో న్యూరెంబర్గ్ న్యాయస్థానం నేరసంస్థగా ప్రకటించిన ఎస్సెస్‌లో వాఫెన్-ఎస్సెస్ కూడా ఉంది. టైగర్ని తయారుచేసింది కాసెల్‌లోని హెన్షెల్ ఫ్యాక్టరీ. అక్కడ ఆక్రమిత దేశాల నుంచి పట్టుకొచ్చినవాళ్ళతో వెట్టి చేయించారు. స్టిక్కరు రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగిందని గంటసేపు వాదించే పెద్దమనిషిని “ఈ గుర్తు ఎవరిది?” అని అడగండి. “రాజకీయాలొద్దండీ” అంటాడు. వెల్డింగు గీత చరిత్ర, వెల్డింగు చేసినవాడు రాజకీయం. ఈ విభజన ఎవరు చేశారో నాకు చెప్పేవాళ్ళు లేరు.

అయితే టైగర్ చెయ్యొద్దా అంటే, చెయ్యండి. నిషేధాలు నా పద్ధతి కాదు. బొమ్మ చేసినంత మాత్రాన ఎవరూ నాజీ అయిపోరు, ఆ మాట అనేవాళ్ళతో కూడా నాకు పేచీయే. జిమ్మెరిట్ దగ్గర చూపిన చాదస్తం మిగతా చోట్ల కూడా చూపించమంటున్నాను, అంతే. “ఇది సరదా కదా” అనేవాళ్ళకి ఒక చిన్న సంగతి. రిమోట్ ట్యాంకుల పోటీల్లో ఇన్‌ఫ్రారెడ్ దెబ్బ తగిలితే మోడల్ ఒక్కసారి వణుకుతుంది. కొన్ని దెబ్బలు తిన్నాక ఆగిపోతుంది. కాసేపటికి మళ్ళీ లేస్తుంది. సరదాయే, నాకూ ఇష్టమే. కానీ లోపల కాలిపోయే అయిదుగురు లేని ఆట అది. దాన్నే “అచ్చం అసలుదే” అని పొగుడుకుంటే ఎలా?

మనవాళ్ళతో ఇంకో బాధ. ట్యాంకుల యుద్ధం మనకి పరాయి కథ కాదు. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్లు చెరకు తోటల్లో, కాలువ నీళ్ళు వదిలిన బురదలో ఇరుక్కున్నాయి. మన లెక్కల ప్రకారం ఆ పోరులో వాళ్ళు పోగొట్టుకున్నవి 90కి పైనే. అప్పటికే పాతబడిన షెర్మన్లతో అక్కడ పోరాడిన రెజిమెంట్లలో ఒకటి డెక్కన్ హార్స్. 1790లో నిజాం కొలువులో మొదలైన అశ్వదళం అది. హైదరాబాదులో కూర్చుని నార్మండీ బురద రంగు గురించి పోట్లాడుకునేవాళ్ళలో ఒక్కడైనా డెక్కన్ హార్స్ షెర్మన్ చేస్తే చూద్దామని ఎదురుచూశాను. ఒక్కటీ కనబడలేదు. కిట్టు లేదనడానికి లేదు, 1/16 షెర్మన్ దొరుకుతుంది. రంగుల చార్టు మాత్రం రాదు, స్టిక్కర్లు రావు. ఫోటోలు వెతుక్కోవాలి, రెజిమెంటులో పనిచేసిన పెద్దవాళ్ళుంటే వెళ్ళి “ఏ రంగండీ, ఎక్కడ గుర్తు రాసేవారు?” అని అడగాలి. వాళ్ళు రంగుతో ఆపరు మరి, పక్క ట్యాంకులో ఉన్నవాడి గురించి కూడా చెప్తారు. రాజకీయాలొద్దు అనేవాళ్ళకి అదీ ఇబ్బందే కాబోలు.

నా బల్ల మీద షెర్మన్ పొట్టభాగం వరకు అయింది, మోటార్లు ఎక్కించాను. ఇప్పుడు గొడవంతా చెరకుతో. షెర్మన్ ఎత్తు 2.74 మీటర్లు, బల్ల మీద 17 సెంటీమీటర్లు. రెండున్నర మీటర్ల చెరకు గడ దాదాపు 16. అంటే తోట మొత్తం నిలబెడితే ట్యాంకు టరెట్ పైకప్పు తప్ప ఏమీ కనపడదు. నేను చెక్కిన బోల్టులన్నీ దాని వెనకే ఉంటాయి. గడలకి అగరొత్తి పుల్లలు సరిపోతున్నాయి, ఆకులు మాత్రం కాగితంతో కత్తిరించాలి. ఇప్పటికి 200 అయ్యాయి.