స్టెయిన్‌లెస్ పూత కింద తుప్పు

"స్టెయిన్‌లెస్ స్ప్రే కొట్టించేశాం, ఇంక తుప్పు పట్టదు" అనుకునేవాళ్లు చాలామంది. పంపు షాఫ్ట్ బేరింగ్ దగ్గర అరిగిపోతే కొత్తది కొనకుండా, దానిమీద స్టీలు పూత వేయించి మళ్లీ సైజుకు గ్రైండింగ్ చేయిస్తారు. అరుగుదలకు అది మంచి వైద్యమే. తుప్పు సంగతి వేరు.

ఆర్క్ స్ప్రేలో రెండు స్టీలు వైర్ల కొసలు కరెంటుకు కరుగుతాయి. వెనక నుంచి వచ్చే గాలి ఆ కరిగిన లోహాన్ని తుంపరలుగా చేసి షాఫ్ట్ మీదికి కొడుతుంది. ఒక్కో చుక్క పెనం మీద దోసెపిండిలా పరుచుకుని, రెప్పపాటు కూడా పట్టకుండా గడ్డకడుతుంది. అంటే పూత ఒకే ముద్ద కాదు, దోసెల దొంతర! మైక్రోస్కోప్ కింద చూస్తే పొరల మధ్య బూడిదరంగు గీతలు, నల్ల మచ్చలు కనిపిస్తాయి. గీతలు ఆక్సైడ్, మచ్చలు ఖాళీలు.

316 గ్రేడు స్టీలులో క్రోమియం 16 నుంచి 18 శాతం. తుప్పును ఆపేది అదే. గాలిలో ఎగిరొచ్చేటప్పుడు అందులో కొంత ఆక్సైడ్ అయిపోతుంది, దాని పక్కనున్న లోహంలో క్రోమియం తగ్గిపోతుంది. ఆక్సైడ్ వల్ల పూత మామూలు 316 కంటే గట్టిపడుతుంది కాబట్టి అరుగుదలకు లాభం. తుప్పుకు మాత్రం నష్టమే.

అసలు చిక్కు ఆ ఖాళీలతో. జింకు పూతకూ రంధ్రాలుంటాయి, కానీ జింకు తాను కరిగిపోతూ కింది స్టీలును కాపాడుతుంది. స్టెయిన్‌లెస్ దీనికి పూర్తిగా తిరకాసు. రంధ్రంలోంచి ఉప్పునీరు దిగిందా, కరిగేది కింది మామూలు స్టీలే. పైన జానెడు స్టెయిన్‌లెస్, అడుగున సూదిమొనంత స్టీలు. దాడంతా ఆ మొన మీదే. రొయ్యల చెరువు నీళ్లలో తిరిగే షాఫ్ట్ అయితే పైకి తళతళలాడుతూనే లోపల పొక్కి, ఒకరోజు పెచ్చులుగా ఊడొస్తుంది. అలాంటి చోట, పూత లేకపోతేనే నయమేమో అనిపిస్తుంది నాకు.

హెచ్‌వీఓఎఫ్ పద్ధతిలో పొడిని సెకనుకు వందల మీటర్ల వేగంతో కొడతారు. రంధ్రాలు బాగా తగ్గుతాయి, బిల్లు పెరుగుతుంది. ఆర్క్ స్ప్రేతోనే సరిపెట్టుకునేవాళ్లు ఎపాక్సీ లాంటి సీలర్ తప్పనిసరిగా అడగాలి. అదీ స్ప్రే అయిన వెంటనే, గ్రైండింగ్‌కు ముందే పట్టించాలి. కూలెంట్ రంధ్రాల్లోకి దిగిపోయాక సీలర్‌కు అక్కడ చోటుండదు.