పనిముట్ల పెట్టెకు పొట్టు అట్టా?

హైదర్‌గూడలో మా పక్క ఫ్లాటులో ఇంటీరియర్ పని నడుస్తోంది. ఆ ఇంటాయన రిటైరయ్యాక చెక్కపని నేర్చుకున్న మనిషి. ఉలులు, రందాలు, రంపాలు పెట్టుకోవడానికి బాల్కనీలో ఒక అల్మారా సొంతంగా చేసుకుంటానన్నాడు. డిజైనర్ కుర్రాడు నవ్వి, "టూల్స్‌కే కదా అంకుల్, ఎండీఎఫ్ కొట్టి పైన సన్‌మైకా అంటించండి. లోపల ఎవరు చూస్తారు?" అన్నాడు. ఈయన తలూపాడు. నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు ఎవర్ని అడిగినా ఇదే పాట. ఎండీఎఫ్ నున్నగా ఉంటుందట, వంకర పోదట, చవకట. నునుపంతా పైపొరదే. లోపలున్నది నారగా నలిపిన కట్టె, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. ఆ రెంటినీ కలిపి వేడి మీద ఒత్తితే ఎండీఎఫ్. 8 అడుగులకు 4 అడుగుల షీటు 18 మిల్లీమీటర్ల మందంలో 40 కిలోల దాకా తూగుతుంది. తన బరువుకే వంగే సరుకు మీద ఇనప రందాలు పేర్చమంటారు! అంచులో స్క్రూ మొదటిసారి బాగానే పడుతుంది. ఊడదీసి మళ్లీ బిగించండి, నార విచ్చుకుని స్క్రూ ఊరికే తిరుగుతుంటుంది. బాల్కనీలోకి జల్లు కొట్టిందా, సన్‌మైకా అంటించని కింది అంచు టీలో ముంచిన ఉస్మానియా బిస్కెట్టులా ఉబ్బుతుంది. ఎండాక కూడా తగ్గదు. చెమ్మ లోపలే ఉంటుంది, ఉలి అంచున తుప్పు మొదలవుతుంది. మ్యూజియంలవాళ్లు పాత లోహపు వస్తువుల్ని ఎండీఎఫ్ పెట్టెల్లో పెట్టడానికి జంకుతారు, అందులోంచి వచ్చే ఆవిర్లు లోహాన్ని తింటాయని. మనం మాత్రం దసరాకు ఉలికి కుంకుమబొట్టు పెట్టి, మర్నాడు ఆ అట్టలోకే తోస్తాం.

దీని తమ్ముడు పార్టికల్ బోర్డు సంగతి చూడాలంటే అశోక్‌నగర్ హాస్టళ్లకు వెళ్లండి. గ్రూప్స్‌కు చదివే పిల్లల గదుల్లో అరలన్నీ నడుం విరిగి ఉంటాయి. కింద ఇటుకలు నిలబెట్టుకుని నెట్టుకొస్తారు పాపం. అద్దె మాత్రం తగ్గదు. 2000 ఆగస్టు వానలకు హుస్సేన్‌సాగర్ నాలా పొంగి ఆ వీధుల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి చోట పొట్టుతో అల్మారాలు!

ప్లైవుడ్‌తో నాకు పేచీ లేదు. ఐఎస్ 710 రకాన్ని 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు. అసలు సరుకు దొరికితే వాడుకోండి. దొరికితే అంటున్నాను, ముద్ర వెయ్యడానికి ఏం పోయింది?

చెక్కంటే ఏ చెక్కైనా అని కూడా కాదు. వేపకు పురుగు అంత తేలిగ్గా పట్టదు. మామిడిని పుచ్చు వదలదు. తుమ్మ గట్టిదే, కానీ తోళ్లు ఊనడానికి వాడే చెట్టది. ఆ వగరు చెమ్మ తగిలితే ఇనుమును నల్లగా మారుస్తుంది. ఓడలకు టేకు వాడింది అందం కోసమా? దానిలోని నూనె నీటిని ఆపుతుంది, తగిలిన ఇనుముకు హాని చెయ్యదు.

"టేకా? ధర తెలుసా?" అంటారు వెంటనే. తెలుసు. హిమాయత్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా పాత ఇళ్లను డెవలప్‌మెంటుకు ఇచ్చేస్తున్నది ఎవరు మరి? కూల్చడానికి ముందే తలుపులు, గుమ్మాలు, కిటికీలు బేరగాళ్లు తీసుకుపోతారు. అంగుళంపైన మందం ఉన్న పలకలు, ఏళ్ల తరబడి ఇంట్లోనే ఎండి, ఇక వంగేదీ చీలేదీ లేని చెక్క. రంగు గీకితే కింద ఇంకా ఆ నూనె వాసన వస్తుంది. తాతలు కొన్న టేకును అయినకాడికి లారీ ఎక్కించి, అదే వాకిట్లోకి ఎండీఎఫ్ షీట్లు దించుకుంటారు. పైగా టేకు ఖరీదట!

పాత చెక్కలో మేకులుంటాయి, ఏరుకోకపోతే రంపం పళ్లు పోతాయి, నిజమే. ఒక పూట పని. ఆ తర్వాత పెట్టె కట్టడం పెద్ద విద్యేం కాదు. పనిముట్లు నేల మీద పరిచి కొలుచుకుంటే కొలతలు అవే తేలతాయి.

ఇల్లు బిల్డరు చేతికిచ్చేవాళ్లకు ఒకటే విన్నపం. అగ్రిమెంటులో ఫ్లాట్లెన్ని, పార్కింగులెన్ని అని పేజీలకు పేజీలు రాయించుకుంటారు కదా, వీధి తలుపు రెక్కలు రెండూ మావే అని ఇంకో లైను రాయించుకోండి.