గయ్యాళికి పుంలింగం ఏదీ?

శ్రీహరికోటకు పోయే దారిలో, సూళ్లూరుపేట టీకొట్టు టీవీలో మొన్న 'గుండమ్మ కథ' (1962) వస్తోంది. సూర్యకాంతం నోరు తెరవగానే, పాలగిన్నె దించుతున్న కొట్టాయన "గయ్యాళి అబ్బయా!" అని ముచ్చటగా నవ్వాడు. పేదవాడిలా నాటకమాడి జమున పొగరు దించే అక్కినేనికి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. పెడదామన్నా మాటేదీ? గయ్యాళికి మగరూపం మన వాడుకలో లేదు. ఈ కథకు దూరపు చుట్టమైన షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ'లో ఆ ఇబ్బంది లేదు. అప్పట్లో 'ష్రూ' (గయ్యాళి) అనే తిట్టు మగవాళ్లకూ చెల్లేది. గయ్యాళి భార్యను లొంగదీసే పెట్రూషియో ఆగడాలు విన్న నౌకరు, ఆవిడకన్నా ఈయనే పెద్ద ష్రూ అని తేల్చేస్తాడు. ఆ నాటకం మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆ నౌకరే. ఆ మాట కొట్టాయనకు అప్పిద్దామనుకున్నా. అప్పటికే ఆయన లోపలికి తిరిగి, గ్లాసులు కడగలేదని భార్య మీద అరుస్తున్నాడు.