బ్లాక్‌చెయిన్: మాట ఒకటి, అర్థాలు మూడు

రొంపిచెర్ల: ఈ ప్రాంత మిర్చి వర్తకులలో బ్లాక్‌చెయిన్ అన్న మాటకు తలా ఒక అర్థం చెబుతున్నారు. బిట్‌కాయిన్ అని కొందరు, ఇ-నామ్ వేలమని కొందరు, కోల్డ్ స్టోరేజి బాండు కంప్యూటరుకు ఎక్కడమని ఇంకొందరు. మూడూ కావు. 2016లో వచ్చిన ఇ-నామ్ సరుకు పాట పెట్టే చోటు. 2009లో మొదలైన బిట్‌కాయిన్ ఈ పద్ధతి మీద నడిచే ఒక నాణెం మాత్రమే.

బ్లాక్‌చెయిన్ ఒక ఆవర్జా. ఒక గుమాస్తా చేతిలో కాక, లావాదేవీలో ఉన్న పలువురి దగ్గర అదే నకలు ఉంటుంది. ప్రతి పద్దూ ముందు పద్దుతో ముడిపడి ఉండడం వల్ల పాతది దిద్దితే తక్కిన నకళ్లతో పొసగక బయటపడుతుంది. 2021లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఒప్పందం చేసుకుని, ఆంధ్రప్రదేశ్‌లో 3 వేల మందికి పైగా మిర్చి, పసుపు రైతులతో ప్రయోగం తలపెట్టింది ఇందుకే. పురుగుమందు అవశేషాల పేరిట విదేశీ కొనుగోలుదారు పేచీ పెట్టినప్పుడు, కాయ ఏ చేనిదో చూపడానికి పనికివస్తుంది.

అయితే రొంపిచెర్ల కల్లంలోనే తాలు కలిపిన టిక్కీని మేలురకం తేజగా రాస్తే ఆ అబద్ధమూ చెరగకుండా గుంటూరు యార్డు దాకా వస్తుంది. కాటా, శాంపిలు, ప్రయోగశాల పరీక్షల ఖర్చు తప్పదు. (మాట పెద్దదైన కొద్దీ రుసుము పెరగడం వర్తకులు ఎరుగనిది కాదు.) సాఫ్ట్‌వేరు అమ్మవచ్చినవారిని తొలి పద్దు ఎవరు రాస్తారో, తప్పు రాస్తే నష్టం ఎవరు భరిస్తారో ముందుగా అడిగి, కాగితం మీద రాయించుకోవడం మంచిది.