షేడ్ కార్డు మీది పసుపు

మొన్న మా వీధిలో కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్లాను. హాలు, మూడు పడగ్గదులు, వంటిల్లు, అన్నిటికీ ఒకటే మీగడ రంగు. ఇదేమిటండీ అంటే, "రేపు అమ్ముకోవాల్సి వస్తే ఇబ్బంది ఉండదండీ" అన్నాడు ఇంటాయన. పాలు పొంగిన పూటే!

మా అమ్మమ్మకి రంగంటే ఇంత జంకు లేదు. ఏటా సంక్రాంతి ముందు గోడలకి వెల్ల వేయించేది. సున్నంలో కాస్త నీలిమందు కలిపించేది. అందులోని పసుపు ఛాయని ఆ నీలం మింగేస్తే తెలుపు మరింత తెల్లగా కనిపిస్తుంది. గోడ అడుగున మూరెడు ఎత్తున జాజు. వానకి చిమ్మిన బురద ఆ ఎరుపులో కలిసిపోయేది. తలుపులకి ఆకుపచ్చ. ఉన్నవి మూడు రంగులే అయినా ఏది ఎక్కడుండాలో ఆవిడకి తెలుసు.

ఆ తెలివి నాకు అబ్బలేదు. పదేళ్ల కిందట పడమటి గదికి నిమ్మపండు పసుపు ఎంచాను. షేడ్ కార్డులో తపాలా బిళ్లంత ముక్క, ముద్దొచ్చింది. "ఓసారి గోడ మీద వేసి చూపించనా అమ్మా?" అన్నాడు పెయింటరు. అక్కర్లేదన్నాను. నాలుగు గోడలూ పూర్తయ్యాక ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి ఘాటెక్కింది. సాయంత్రం ఎండ కూడా తోడైతే ఆ గదిలో కూర్చున్నవాళ్లందరికీ కామెర్లొచ్చినట్టుండేది. రెండు నెలలకే మళ్లీ ప్రైమరు, మళ్లీ రెండు కోట్లు, మళ్లీ కూలి.

ఇప్పుడు ముందు గోడ మీద రెండడుగుల మేర వేయించి, ఆరాక పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి, రాత్రి లైటు వేసి ఓసారి చూస్తున్నాను. తెల్ల ట్యూబులైటు కింద నీలంగా మెరిసిన బూడిద రంగు పసుపు బల్బు కింద మట్టి రంగైపోతుంది. ఉత్తరపు గదికి పెద్దగా ఎండ రాదు కాబట్టి అక్కడ ఇటుక రంగో గుమ్మడిపండు రంగో వెచ్చగా ఉంటుంది. పడమటి గదికి లేత ఆకుపచ్చ చాలు. రైలుపెట్టెలా పొడుగ్గా సాగే హాల్లో చివరి గోడకి ముదురు రంగు వేస్తే ఆ గోడ మనవైపు జరిగినట్టుంటుంది. టీవీ వెనక గోడకి ఎర్రరంగు కొట్టి 'హైలైట్' అనడం మాత్రం నాకు ఎక్కదు. అక్కడ మనం చూసేది బొమ్మనేగా!

మా ఇంట్లో నాకు బాగా నచ్చింది పుస్తకాల అలమార. అరల వెనక పలకకి మాత్రం వంకాయ రంగు వేయించాను. అర లీటరు డబ్బా కూడా పూర్తిగా పట్టలేదు. తెల్లటి గోడలో అదొక్కటే లోతుగా కనిపిస్తుంది. వచ్చినవాళ్లు టీవీ వదిలేసి అటే వెళ్తున్నారు.

ఇక మిగిలింది అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న ఆకుపచ్చ తలుపుల జత. పొరలు పొరలుగా ఉన్న ఆ పాత పెయింటు గీకించాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన వాటిలో ఎంత ఉందో చూసి చెప్పలేం. మీ ఇంట్లోనూ అలాంటి తలుపులుంటే పొడిగా గీకించకండి, తడిపి రుద్దమనండి. ఆ పూటకి పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపించండి.